సిటీ వీటెక్ నుంచి సంప్ గార్డు దాకా: ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు కేస్ స్టడీ

బాలానగర్‌లో ఒక వెనక గల్లీలో మాది రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. టూ-పోస్ట్ లిఫ్టు ఒకటి, ఆర్గాన్ వెల్డింగ్ మిషన్ ఒకటి, పైపులు వంచే బెండర్, చాప్ సా, బల్ల మీద రెండు గ్రైండర్లు. లేత్ లేదు, కొనే ఆలోచన కూడా లేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఈ బాలానగర్‌లోనే ఉంది. చుట్టూ టర్నింగ్, మిల్లింగ్, సర్ఫేస్ గ్రైండింగ్ జాబ్ వర్క్ చేసే షెడ్లు వరుసగా ఉంటాయి. ఇలాంటి చోట సొంత లేత్ పెట్టుకుంటే దాని కిస్తీ కట్టడానికే కొత్తగా పని వెతుక్కోవాలి.

మా ఉస్తాద్ కార్ల మెకానిక్ కాదు. జీడిమెట్ల వైపు మందుల ఫ్యాక్టరీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ పైప్‌లైన్లు వేసి చేయి తిరిగినవాడు. కార్ల షాపుకు అలాంటి మనిషి ఎందుకు అంటారేమో, ఆ సంగతి హెడర్స్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపుల గుంపు) దగ్గర చెప్తాను.

ఈ కేసు ఒక పాత హోండా సిటీది. 2000లో వచ్చిన 1.5 లీటర్ వీటెక్ (వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మారే ఇంజన్), 106 హార్స్‌పవర్. ఆ ఇంజన్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇప్పటికీ హైదరాబాద్‌లో ఉన్నారు. మా షాపులో చాలా బండ్లు తయారయ్యాయి కానీ, డబ్బు ఎక్కడ కారిపోతుందో, ఎక్కడ నిలుస్తుందో ఈ ఒక్క బండిలోనే మొత్తం కనబడింది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

గిరాకీ అడిగింది

కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. "అన్నా, హెడర్స్ కావాలె, వెనకదాకా ఫుల్ సైలెన్సర్ కావాలె, లోపల హాఫ్ కేజ్ కావాలె. కానీ బండి రోజూ ఆఫీసుకు తోలుకోవాలె" అన్నాడు. అంటే ట్రాక్ బండీ అదే, రోజువారీ బండీ అదే. (హాఫ్ కేజ్ అంటే బండి బోల్తా పడినా లోపలి మనిషి నలగకుండా సీట్ల వెనక వేసే ఇనుప పైపుల చట్రం.)

ముందు చట్టం మాట్లాడుకున్నాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద పరిమితి దాటితే 190వ సెక్షన్ వేరే ఉంది, మొదటిసారికే 10,000 రూపాయల వరకు పడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో మెడకు చుట్టుకుంటుంది. ఇవన్నీ చెప్తే చాలామంది "అందరూ చేయించుకుంటున్నరు కదన్నా" అంటారు. ఆ మాటకు నా దగ్గర ఒకటే జవాబు: చలాన్ కట్టేది అందరూ కాదు, నువ్వు.

కేజ్ సంగతి వేరు. చట్టం ఒప్పుకున్నా నేను రోడ్డు బండిలో వేయను. ట్రాక్ మీద తలకు హెల్మెట్ ఉంటుంది, ఒంటిని రేసింగ్ బెల్టు సీటుకు కట్టిపడేస్తుంది. రోడ్డు మీద మామూలు బెల్టుతో, హెల్మెట్ లేకుండా కూర్చున్న మనిషి తలకు జానెడు దూరంలో ఇనుప పైపు ఉంటే చిన్న గుద్దుకే ప్రాణం మీదికి వస్తుంది. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటే ఇంకా ఘోరం.

కాబట్టి రెండే దారులు పెట్టాం. బండి రోడ్డు మీద తిరగాలంటే పాతబడిన రబ్బరు బుష్‌లు, మౌంట్లు, బ్రేకులు కంపెనీ ప్రమాణానికి తెచ్చి ఇస్తాం, అంతకు మించి ఏమీ చేయం. ట్రాక్ బండి కావాలంటే అది ఇక ట్రాక్ బండే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని రేస్ ట్రాక్‌కు ఫ్లాట్‌బెడ్ మీద వెళ్లి, దాని మీదే తిరిగి రావాలి. ఈ మాట ఎస్టిమేట్ కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాం. అలిగి వెళ్లిపోయాడు. కొంతకాలానికి ఇంట్లో వాడుకకు వేరే కారు చూసుకుని, రెండో దారికి ఒప్పుకుని వచ్చాడు. ఇలా వెళ్లి తిరిగిరాని గిరాకీలు ఎక్కువే. ఆ పని పక్క వీధిలో ఎవరో చేస్తారని తెలిసినా వదిలేస్తాం.

గంట రేటు

ఇక్కడ కొంచెం ఆగాలి. చిన్న షాపులు మూతపడేది ఈ లెక్క దగ్గరే.

అంకెలు గుండ్రంగా చెప్తాను. ఇద్దరు పనివాళ్లు, నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 400 గంటలు. ఇందులో గిరాకీకి బిల్లు వేయగలిగేవి సగం దాటవు. మిగతా సగం రాణిగంజ్‌లో పైపుల కోసం తిరగడానికి, లేజర్ కటింగ్ దగ్గర వంతు కోసం కూర్చోవడానికి, పుత్లీబౌలిలో బుష్‌లు వెతకడానికి, ఫోన్లలో బేరాలకు, గ్రైండర్ బ్రష్‌లు మార్చుకోవడానికి పోతాయి. జీతాలు, కిరాయి, కరెంటు, ఆర్గాన్, కటింగ్ వీల్స్, మిషన్ కిస్తీలు కలిపి నెలకు 1,60,000 రూపాయలు అనుకుందాం. 400తో భాగిస్తే గంటకు 400 వస్తుంది. దాని మీద ఇంకో వంద వేసుకుని అయిదొందలు చెప్పి, లాభం వచ్చిందని సంతోషించే షాపులు నాకు తెలుసు. అమ్ముడుపోయే గంటలు 200 అయినప్పుడు గంటకు అసలు ఖర్చు 800. అయిదొందలకు చేసిన ప్రతి గంటకూ మూడొందలు జేబులోంచి పోతున్నట్టే. షాపు నిండా పని ఉండి కూడా నెలాఖరుకు కిరాయికి తడుముకోవడం అందుకే.

రెండో చిల్లు ఫిటప్. వెల్డింగ్ అందరికీ కనబడుతుంది, ఫొటోలు కూడా దానికే తీస్తారు. గంటలు తినేది మాత్రం అంతకు ముందు జరిగే పని. పైపు కోయాలి, రెండు చుక్కల ట్యాక్ (తాత్కాలిక వెల్డింగ్) పెట్టాలి, బండికి బిగించాలి, స్టీరింగ్ ర్యాక్‌కు తగులుతుందా, రేడియేటర్ ఫ్యాను తిరుగుతుందా, స్పార్క్ ప్లగ్ విప్పడానికి చెయ్యి పడుతుందా చూడాలి. తగిలితే విప్పి మళ్లీ కోయాలి. ఇదంతా కలిపి ఒకే రేటు చెప్తే గిరాకీ బేరమాడేది ఆ ఒక్క అంకె మీద. ఏది తగ్గించాలో మనకూ తెలియదు.

అందుకే మూడు మెట్లుగా రాస్తాం. మొదటిది విప్పి చూడటం, దీనికి స్థిరమైన ఫీజు, పని ముందుకు సాగినా సాగకపోయినా కట్టాల్సిందే. రెండోది ట్యాక్ వరకు తయారీ. గిరాకీ వచ్చి, చూసి, ఒప్పుకున్నాకే మూడోదానికి, అంటే పూర్తి వెల్డింగ్‌కూ బిగింపుకూ వెళ్తాం. సామాను డబ్బు మొత్తం ముందే. ఉద్దెర లేదు. ఏ మెట్టు దగ్గరైనా గిరాకీ వల్ల పని ఆగితే బండి షెడ్డులో ఉన్నందుకు రోజుకు ఇంత అని కాగితం మీదే ఉంటుంది. మాకున్నవి రెండే చోట్లు. విదేశం నుంచి పార్టు రావాలని ఒక బండి ఆగితే షాపు సగం ఆగినట్టు.

ఈ సిటీకి మొదటి మెట్టే పనికొచ్చింది. కార్పెట్ ఎత్తితే, కేజ్ కాలు ఆనాల్సిన చోట ఎడమవైపు ఫ్లోర్ తుప్పు పట్టి జల్లెడలా ఉంది. మొత్తానికి ఒకే రేటు చెప్పి ఉంటే ఆ రేకు పని మా ఖాతాలో పడేది. ఫొటో తీసి పంపాం, దాని రేటు వేరేగా రాశాం, ఒప్పుకున్నాడు.

కేజ్

రోల్ కేజ్‌కు కొలతలు మనం కనిపెట్టాల్సిన పని లేదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనల్లో అపెండిక్స్ జె, ఆర్టికల్ 253 ఉంది. మెయిన్ హూప్‌కు (సీట్ల వెనక నిలిచే పెద్ద కమాను పైపు) కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ కార్బన్ స్టీల్ పైపు వాడాలి. వ్యాసం 45 మి.మీ. అయితే మందం 2.5 మి.మీ., 50 అయితే 2. తన్యత బలం చదరపు మి.మీ.కు కనీసం 350 న్యూటన్లు. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి మూడు రెట్ల కంటే తగ్గకూడదు. వెనక స్టేలు (హూప్‌ను వెనక నుంచి ఆపే పైపులు) నిలువు గీతతో కనీసం 30 డిగ్రీల కోణంలో వెనక్కి వెళ్లాలి. కాళ్ల కింద ప్లేట్లు 3 మి.మీ.కు తగ్గకూడదు.

రాణిగంజ్‌లో అడిగితే "సీ-క్లాస్ తీస్కపోండి సార్, ఏనుగెక్కినా వంగదు" అంటారు. అది నీళ్లకు, ఆవిరికి వేసే పైపు. చాలావరకు అతుకు ఉన్నదే. వంచితే అతుకు దగ్గర విచ్చుకునే ప్రమాదం ఉంది, దాని బలానికి రాతపూర్వక హామీ ఉండదు. మేం సీమ్‌లెస్ పైపును మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌తోనే తీసుకుంటాం. ఆ సర్టిఫికెట్ కాపీ గిరాకీ ఫైల్లో పెడతాం.

హాఫ్ కేజ్‌లో కష్టమంతా పైకప్పు కింద. హూప్‌ను పైకప్పుకు ఆనించి పెడితే అతుకు పైభాగానికి టార్చి పట్టదు. చాలా కేజుల్లో కింద నుంచి కనబడే సగానికే వెల్డింగ్ ఉంటుంది, పై సగం ఉత్తదే. పైపు చుట్టూ పూర్తిగా వెల్డింగ్ పడాలంటే ఒక పద్ధతి ఉంది. కాళ్లు ఆనే చోట ఫ్లోర్‌కు రంధ్రాలు కోసి, ట్యాక్ చేసిన కేజ్ మొత్తాన్ని ఆ రంధ్రాల్లోంచి కిందికి దింపాలి. పైన చెయ్యి పట్టేంత ఖాళీ దొరుకుతుంది. పై అతుకులన్నీ పూర్తిచేసి, కేజ్‌ను మళ్లీ పైకెత్తి, కాళ్ల కింద ప్లేట్లు పెట్టి ఫ్లోర్‌కు వెల్డింగ్ చేయాలి. గంటలు పెరుగుతాయి. ఎస్టిమేట్‌లో ఈ పనిని విడిగా రాస్తాం. లేకపోతే పక్క షాపువాడి కేజ్ చవకని గిరాకీకి అనిపిస్తుంది.

బెల్టుల కోసం హూప్‌కు అడ్డంగా ఒక బార్ వేశాం. భుజం పట్టీలు సీటు నుంచి వెనక్కి దిగే కోణం 45 డిగ్రీలు మించకూడదు, 10 లోపు ఉంటే మేలు. ఫ్లోర్‌కు కట్టేస్తే గుద్దుకున్నప్పుడు పట్టీలు భుజాలను కిందికి నొక్కి వెన్నెముకను విరిచేస్తాయి.

హెడర్స్

హెడర్స్ అంటే గుర్రాలు (హార్స్‌పవర్) పెరుగుతాయని అందరి నమ్మకం. టర్బో లేని 1.5 లీటర్ ఇంజన్‌కు మంచి హెడర్స్ వేసినా పెరిగేది ఒంటి అంకె అని రాసిచ్చాకే మొదలుపెట్టాం. ఆ అంకె కూడా మేం హామీ ఇవ్వం.

4-2-1, అంటే నాలుగు పైపులు రెండై, ఆ రెండు ఒకటయ్యే తీరు ఎంచుకున్నాం. ఇంజన్ మండే వరస 1-3-4-2 కాబట్టి 1నీ 4నీ, 2నీ 3నీ జత చేస్తే ఒక సిలిండర్ పొగ ఇంకోదానికి అడ్డురాదు. మధ్య వేగంలో లాగుడు బాగుంటుంది. నాలుగూ నేరుగా ఒక్కదాంట్లో కలిసే 4-1 పై వేగాలకు మంచిది. ఇరుంగట్టుకోట్టైలో కొత్తగా నేర్చుకునేవాడికి మూల తిరిగాక లాగే శక్తే ఎక్కువ అవసరం.

మందుల ఫ్యాక్టరీ ఉస్తాద్ విలువ తెలిసింది ఇక్కడే. హైదరాబాద్ చుట్టూ ఫార్మా, డైరీ ప్లాంట్లు ఎక్కువ కాబట్టి 38.1 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. మందం ఉన్న 304 గ్రేడ్ పైపులు, రెడీమేడ్ వంపులు పాల ఫిట్టింగులు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. హెడర్స్‌కు సరిగ్గా సరిపోయే కొలత. విదేశీ హెడర్ కిట్ తెప్పించే పని లేదు. కాకపోతే 304 అని చెప్పి చవక రకం 202 అంటగట్టేవాళ్లు ఉంటారు. అయస్కాంతం పెట్టి చూస్తే లాభం లేదు, రెండిటికీ అంటుకోదు. చుక్క వేసి రంగు చూసే టెస్టింగ్ ద్రావణం ఒక సీసా ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాం.

స్టెయిన్‌లెస్ పైపును బయటి నుంచి వెల్డింగ్ చేస్తున్నప్పుడు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలివైపు గాలి తగిలి నల్లగా, గరుకుగా పొంగుతుంది. అక్కడ లోహం బలహీనపడుతుంది, పొగకూ అడ్డం పడుతుంది. గ్యాసు ఖర్చు దాదాపు రెట్టింపవుతుందని కార్ల షాపుల్లో ఈ పని చాలామంది ఎగ్గొడతారు. మా ఉస్తాద్‌కు అది ఎగ్గొట్టడం చేతకాదు, ఫార్మాలో ఎగ్గొడితే ఇన్‌స్పెక్టర్ లైను మొత్తం కోయించేస్తాడు. ఒకటే ఇబ్బంది, ఆర్గాన్ వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపాలి. గాలి తగిలితే గ్యాసు చెదిరిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఆ పని పొద్దున్నే పెట్టుకుంటాం.

ఫ్లాంజ్ (హెడర్స్‌ను ఇంజన్‌కు బిగించే పలక) 10 మి.మీ. మైల్డ్ స్టీల్, లేజర్ కటింగ్. మైల్డ్ స్టీల్‌కూ స్టెయిన్‌లెస్‌కూ అతుకు కాబట్టి ఫిల్లర్ తీగ 309ఎల్. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ అరటి కాయలా వంగుతుంది. తుక్కులో కొన్న సిలిండర్ హెడ్‌కు దాన్ని బోల్టులతో బిగించి, కొంచెం కొంచెంగా చోటు మార్చుకుంటూ వెల్డింగ్ చేసి, చల్లారాకే విప్పాం. అయినా కాస్త వంపు ఉంటుంది, పక్క షెడ్డులో సర్ఫేస్ గ్రైండింగ్‌తో అది పోయింది.

ఇంకొకటి చాలామంది లెక్కలోకి తీసుకోరు. 304 స్టీలు వేడికి బాగా సాగుతుంది. అర మీటరు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే 5 మి.మీ. పెరుగుతుంది. నాలుగు పైపులు వేర్వేరుగా వేడెక్కుతూ, అన్నీ గట్టిగా అతుక్కుని ఉంటే చివరికి ఎక్కడో పగులు వస్తుంది. అందుకే రెండో జత దగ్గర స్లిప్ జాయింట్లు (ఒకదాంట్లో ఒకటి జారే అతుకులు) పెట్టాం, కలెక్టర్ (పైపులన్నీ కలిసే చోటు) తర్వాత ఫ్లెక్సిబుల్ బెలోస్ (వంగే ముడతల గొట్టం) పెట్టాం. బరువంతా హెడర్స్ మీద వేలాడకుండా గేర్‌బాక్స్ దగ్గర ఒక ఆధారం ఇచ్చాం.

పరీక్ష క్లుప్తంగా చెప్పేస్తాను. వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి పూర్తి త్రాటిల్‌లో ఇంధనం మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చూశాం, వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ బిగించాం, పగుళ్లకు డై పెనెట్రెంట్ అనే రంగు ద్రవం వేసి చూశాం. అంతే.

సంప్ గార్డు

హెడర్స్ కలెక్టర్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) కంటే కొంచెం కిందికి దిగింది. ఫ్లాట్‌బెడ్ ఎక్కించేటప్పుడు తగలకుండా కింద ఒక గార్డు కావాల్సి వచ్చింది. ఎస్టిమేట్‌లో చివరి వరస అది, ఎవరూ పట్టించుకోని పని. దాన్ని 4 మి.మీ. అల్యూమినియంతో చేశాం. 5052 గ్రేడ్ తీసుకున్నాం. 6061-టి6 గట్టిదే కానీ ప్రెస్ మీద బిగువైన వంపు వేస్తే అంచున పగులుతుంది.

బండి లిఫ్టు మీద ఉండగా చూసిన వేరే గిరాకీలు అడిగింది హెడర్స్ గురించి కాదు. "మా సెడాన్‌కు ఇట్లాంటిది దొరుకుతదా?" అన్నారు. మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల ఎత్తు తెలిసినవాళ్లెవరైనా అదే అడుగుతారు.

హెడర్స్ జిగ్ (పైపులను కొలత ప్రకారం పట్టి ఉంచే చట్రం) తయారుగా ఉంది, ఇంకో జత చేయాలంటే మొదటిదానికి పట్టిన గంటల్లో చిన్న భాగం చాలు. కానీ ఆ సిటీలు ఎన్ని మిగిలాయి, వాటిలో ట్రాక్‌కు వెళ్లేవి ఎన్ని? సంప్ గార్డు అలా కాదు. 700 x 600 మి.మీ. ముక్కలు 8x4 అడుగుల షీటులో ఆరు వస్తాయి. లేజర్ కటింగ్ షాపువాళ్లకు ఒక్క ముక్క ఇస్తే మొహం చిట్లిస్తారు, నిండు షీటు ఇస్తే రేటు తగ్గిస్తారు. వంచడం వాళ్లదే, పౌడర్ కోటింగ్ ఇంకో షెడ్డు. మా షాపులో పట్టేది బిగింపు సమయమే. అదే గార్డు 3 మి.మీ. మైల్డ్ స్టీల్‌తో చేస్తే పది కిలోల దాకా తూగుతుంది, 4 మి.మీ. అల్యూమినియం అయితే నాలుగున్నర కిలోలు. స్టీలు చవక కాబట్టి రెండూ పెట్టాం.

నియమాలు కొన్ని పెట్టుకున్నాం. బండికి కొత్త రంధ్రం వేయం, కంపెనీ ఇచ్చిన మరల్లోనే బిగిస్తాం. ముందు భాగం గుద్దుకున్నప్పుడు నలగాల్సిన చోటును గార్డు అడ్డంగా కలిపేయకూడదు, కాబట్టి సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింది చట్రం) దాటి ముందుకు పోనివ్వం. ఇంజన్‌కు గాలి తగిలే దారులు మూయం. మూడు మోడళ్లకే చేస్తాం. నాలుగో బండి అడిగితే కొలతలకు వేరే రేటు.

బిల్లింగ్ కూడా సులువైంది. 2025 సెప్టెంబర్ 22కు ముందు కారు విడిభాగాల మీద 28 శాతం, లేబర్ మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. ఏది సామాను, ఏది పని అని ప్రతి బిల్లు మీదా గిరాకీతో వాదన. ఇప్పుడు రెండూ 18.

నెల లెక్కలు ఇప్పుడు ఇలా నడుస్తున్నాయి. కిరాయి, కరెంటు సంప్ గార్డులు కడతాయి. కస్టమ్ పని గంట రేటు తగ్గించకుండా తీసుకోగలుగుతున్నాం, ఎందుకంటే "ఈ పని పోతే నెల ఎట్లా" అన్న టెన్షన్ తగ్గింది. సిటీ కుర్రాడు ట్రాక్‌కు వెళ్లి వచ్చాడు. హెడర్స్, కేజ్ బాగున్నాయి, బ్రేకులు మాత్రం వేడెక్కి పెడల్ మెత్తబడిందన్నాడు. ఇప్పుడు టర్బో అడుగుతున్నాడు. ముందు బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిలు అని చెప్పి, టర్బోకు మొదటి మెట్టు ఫీజు కాగితం ఇచ్చి పంపాం.

గార్డు రెండో బ్యాచ్‌లో ఒక మార్పు చేశాం. ఇంజన్ ఆయిల్ దింపే రంధ్రం చిన్నదిగా ఉందని సర్వీస్ సెంటర్లలో గార్డు మొత్తం విప్పేస్తున్నారు, బిగించేటప్పుడు ఒకటో రెండో బోల్టులు కనబడకుండా పోతున్నాయి. గిరాకీలు గార్డు చప్పుడు చేస్తోందని మా దగ్గరికి వస్తున్నారు. రంధ్రం పెద్దది చేశాం, ప్రతి బాక్సులో రెండు బోల్టులు అదనంగా వేస్తున్నాం.